కాసిని నీళ్లు

ఏటుకూరు రోడ్డు వైపు కిటికీ మూసేస్తే
గోడ మీద సినిమా బాగా కనబడుతుంది.
తెరిస్తే మిర్చియార్డు ఘాటుకి
క్లాసంతా తుమ్ముతుంది.
మార్చి నెల. మూసే ఉంచాను.

ప్రొజెక్టర్ మా ఆడపడుచు కొడుకుది.
తెర మా ఇంటి దుప్పటి.
దాని అంచున ఇస్త్రీ కాలిన మచ్చ
హీరోయిన్ అటుగా నడిచినప్పుడల్లా
ఆమె బుగ్గ మీదికి ఎక్కుతుంది.

పాత నలుపు తెలుపు సినిమా. పేరు చెప్పలేదు,
చెబితే పాటలు పెట్టమంటారు.
మాటల నోరు నొక్కి బొమ్మ ఒక్కటే నడిపాను.
ముందు పెళ్లివిందు.
విస్తళ్లు లెక్కకొచ్చాయి, లడ్లు లెక్కకొచ్చాయి,
హీరో తమ్ముడు జేబులో వేసుకున్నవి కూడా.
అన్నం రాశిగా పోసి ఉంది.
"ఎంత అన్నం" అన్నారు బుద్ధిగా.
పాఠం నా గుప్పిట్లోనే ఉందనిపించింది.

తర్వాత బావి దగ్గర కొట్లాట.
కుండలు పగులుతుంటే ఆపాను.
"ఎన్ని?"
"ఐదు!"
"ఆరు టీచర్, ఒకటి విలన్ నెత్తిన!"
సరే, ఆరు. కౌంటబుల్.
"మరి కింద పారేవి?"
"నీళ్లు!"
"ఎన్ని అని అడగాలా, ఎంత అని అడగాలా?"

ఎంత అంటారనుకున్నాను.
పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను,
ఎప్పుడూ ఆగని చోట ఆగింది.

మూడో బెంచీలోంచి నాగూర్‌బీ లేచింది.
"మేం ఎన్ని అనే అంటాం టీచర్.
నీళ్లు వచ్చాయి అంటాం, వచ్చింది అనం.
కాసిని నీళ్లియ్యి అంటాం.
ట్యాంకరొస్తే ఇంటికి ఎనిమిది బిందెలు,
తొమ్మిదో బిందెకి జుట్లు పట్టుకుంటారు.
వాటికి లెక్క లేకపోవడమేంటి?"

సుద్దముక్క నా వేళ్లలో పొడి రాలుస్తోంది.
నిజమే. మన దగ్గర
పాలు విరుగుతాయి, నీళ్లు కాగుతాయి,
డబ్బులు అయిపోతాయి.
గుంపుగా వస్తాయి, గుంపుగానే పోతాయి.
ఇంగ్లీషులో నీళ్లు ఒంటరివి,
ఆ సంగతి ఇన్నాళ్లూ నేనూ గమనించలేదు.

తప్పించుకోవడానికి ఇంకో ముక్క వేశాను.
దీపం పక్కన తల్లి ఏడుస్తోంది.
"ఇవి టియర్స్. వీటిని లెక్కపెట్టొచ్చు."
క్లాసు గొల్లుమంది.
"బిందెలో నీళ్లకి లెక్క లేదు గానీ
కంట్లో నీళ్లకి ఉందా?"
"ఉంది," అన్నాను, "ఇంగ్లీషువాడి ఇష్టం."
"అవి గ్లిజరిన్ టీచర్," అన్నాడు మరియదాసు.
"గ్లిజరిన్ అన్‌కౌంటబులే కదా?"
ఆ పూట సరైన జవాబు అదొక్కటే.

కరెంటు పోయింది.
దుప్పటి మళ్లీ దుప్పటి అయింది.
కిటికీ తెరిచాను. తుమ్ములు.
వన్, టూ, త్రీ... పదకొండు దాకా లెక్కపెట్టారు,
ఎవరూ అడక్కుండానే, ఇంగ్లీషులో.

హోంవర్కు: పేజీ మధ్యన నిలువుగీత గీసి
మీ ఇంట్లో ఉన్నవన్నీ అటో ఇటో రాయండి.

రాత్రి దిద్దుతున్నాను.
ఎడమవైపు గరిటెలు, దోమలు, అప్పులు.
కుడివైపు ఉప్పు, కొబ్బరినూనె, ఉక్కపోత.
ఒకడు వాళ్ల చిన్నాన్నని కుడివైపు రాశాడు,
ఎందుకో రేపు అడగాలి.

నాగూర్‌బీ పుస్తకంలో
మిరపకాయలు ఎడమన, కారం కుడిన,
మధ్యలో బాణం, బాణం మీద రోకలి బొమ్మ.
వాళ్లమ్మ యార్డులో తొడిమలు తీస్తుంది.
కూలి కాయకి కాదు, కిలోకి.

కింద, సరిగ్గా గీత మీద,
అటూ ఇటూ కాకుండా
ఒక మాట ఇరికించింది: అమ్మ దగ్గు.
దాని పక్కన సన్నటి అక్షరాల్లో,
"నలభై దాకా లెక్కపెట్టాను.
తర్వాత నిద్రపోయాను."

ఎర్రపెన్ను మూత తీసి
చాలాసేపు పట్టుకున్నాను.
లేచి వెళ్లి కాసిని నీళ్లు తాగొచ్చాను.
ఆ పేజీ ఇంకా దిద్దలేదు.