ఏడుగురి సీటు

పెట్టె పక్కన రెండు తెల్లక్షరాలు: మో, హ.
మో అంటే మోటారు. హ అంటే ఒకప్పటి మూడో తరగతి.
కలిపి చదివితే మన చెవికి వేరే సంగతి తోస్తుంది గానీ
ఆ పెట్టె ఎరిగిన మోహమల్లా
నెత్తిమీది పదిహేను వందల వోల్టుల తీగ ఒక్కటే.

ఉకాయ్ సదజిరో అనే డ్రాయింగు గది మనిషి
ఈ రైలును చక్రాల దగ్గర మొదలుపెట్టలేదు,
పిరుదుల దగ్గర మొదలుపెట్టాడు.
చెక్కబల్ల ఒకటి చేయించి
క్యాంటీన్లో నూడుల్స్ వండే మొరోహషి గారిని కూర్చోమన్నాడు.
తర్వాత గుమాస్తాలను, గేటు కాపలావాణ్ణి,
చలికోట్లు తొడిగించి మళ్ళీ అందరినీ.
మనిషికి నలభై మూడు సెంటీమీటర్లు. బల్లకు ఏడుగురు.
ఇంతకన్నా ఒద్దిక కుదరదని
పెన్సిలు చెవి వెనక దోపుకున్నాడు.

తలుపులు పక్కకు నాలుగు. ఎందుకు నాలుగంటే,
రైలు ఆగేది అర నిమిషం,
పెట్టెకు వంద మంది దిగాలి, నూట ఇరవై మంది ఎక్కాలి.
మీరే లెక్క వేసుకోండి.

దోరజామ రంగు వేసి
సునోగావ లైను మీదికి వదిలారు.
మొదటి రోజు నడిపిన ఇబుకి తోమెకిచి
తెల్ల గ్లవు వేలు చాచి "పచ్చ దీపం!" అని గట్టిగా పలికాడు.
ఒంటరి క్యాబిన్లో ఎవరితో? తనతోనే.
ముప్ఫై ఒక్క ఏళ్ళు అట్లా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు,
ఇంట్లో మాత్రం నోరు తెరిచేవాడు కాదట.

ఆ కాలంలో ఉదయాలు మనుషుల్ని కూరేవి.
పచ్చడి జాడీలో ముక్కల్ని అదిమినట్టు
ప్లాట్‌ఫారం కుర్రాళ్ళు వీపుల్ని లోపలికి తోసేవాళ్ళు.
రాత్రి షెడ్డులో ఊడ్చే ఆమెకు
ఆరు కోటు బొత్తాలు, ఒంటి చెప్పు,
ఒకసారి మూత విప్పని మధ్యాహ్న భోజనం.

ఒక లోపం దాచకూడదు.
బ్రేకు పడ్డప్పుడల్లా పుట్టిన వేడిని
నేల కింది ఇనపరేకుల్లోంచి గాలికి వదిలేసేది.
వెనక పుట్టిన రైళ్ళు ఆ వేడి మిగల్చకుండా
కరెంటునే తీగకు తిరిగి చెల్లించేవి, అణా పైసలతో సహా.
ఇది దుబారా మనిషి.
సొరంగంలో వేసవి మధ్యాహ్నం
జనం చొక్కాలు పిండుకుంటూ దీన్నే తిట్టేవాళ్ళు.
జనవరిలో మాత్రం ఎవరూ పొగడలేదు.

పెద్ద లైను కొత్తవాటికి పోయింది.
పది పెట్టెలు నాలుగయ్యాయి.
నడివయసు దాటాక నెత్తిన చల్లపెట్టె పెట్టి
రేవు గోదాముల పక్క శాఖకు పంపారు.
అక్కడ బొత్తం నొక్కితేనే తలుపు తెరుచుకునేది,
మంచు లోపలికి రాకుండా.
ఏడుగురి సీటులో ఒక్క బడిపిల్లాడు,
పక్కన వాడి సంచి,
ఆ పక్కన ఎండ.

తర్వాత రెండు పెట్టెల్ని కోసేశారు.
మిగతా రెండూ ఓడ దిగింది జకార్తాలో.
పర్దియోనో అనే మెకానిక్కు
మోటారు మూత విప్పి, వాసన చూసి,
"బతుకుతుంది" అన్నాడు.
విడిభాగాలు దొరక్క
తోటి ముసలి రైళ్ళ కడుపుల్లోంచి తీసి అతికాడు.
రాళ్ళు పడతాయని అద్దానికి ఇనప జాలీ కట్టాడు.
తలుపు మీద "వేళ్ళు జాగ్రత్త" అన్న జపాను చీటీని
ఎవరూ పీకలేదు. ఎవరికీ చదవడమూ రాదు.

సాయంత్రం బోగోర్ వైపు వెళ్ళే బండి.
బల్ల మీద ఏడుగురు, బిగుతుగా, నిక్కచ్చిగా,
ఉకాయ్ గీసినట్టే.
రుమింతెన్ ఎక్కింది. చంకలో టెంపే బుట్ట,
ఇంకో చంకలో నిద్రపోయే పిల్ల.
సీటు వంక చూసి,
అదంతా ఖాళీగా ఉన్నట్టే,
"కాస్త సర్దుకోండమ్మా" అంది.

సర్దుకున్నారు.