నాలుగుసార్లు చచ్చిన జర్మన్

జాలారిపేట ఇసుకలో ఆ ఆదివారం
నన్ను నాలుగుసార్లు చంపారు.
చావుకో టోపీ.
టోపీ మారితే మనిషి మారినట్టేనన్నాడు
డైరెక్టరు సోమలింగం.
హాలీవుడ్డు అరవయ్యేళ్లుగా
అలాగే నెట్టుకొస్తోందట.

మద్దిలపాలెంలో అతనికి జిరాక్సు కొట్టు.
రాత్రుళ్లు యుద్ధం సినిమాలు చూసేవాడు,
ఒక రాత్రి నవ్వు ఆగక
పెళ్లిళ్ల వీడియో కెమెరా అద్దెకి తెచ్చాడు.

ట్యాంకంటే అప్పలస్వామి ఆటోయే.
చుట్టూ ఫ్రిజ్జుల అట్టపెట్టెలు,
ముందుకి పొడుచుకొచ్చిన కుళాయి గొట్టం.
వెనక ‘అమ్మ దీవెన’ అన్న అక్షరాలు
ఎంత రంగు పూసినా చావలేదు.
ఉండనీ అన్నాడు సోమలింగం,
జర్మన్లకి మాత్రం అమ్మలుండరా.

హీరో పిక్కి ధనరాజు.
మెడ దాకా టాల్కం పౌడరు,
మెడ కింద మన సముద్రపు నలుపు.
వాడి తుపాకీలో గుళ్లు అయిపోవు.
దీపావళి కాకరపువ్వొత్తైనా ఆరుతుంది గాని
అది ఆరదు.
మేం యాభైమందిమి కాలిస్తే
ఒక్కటీ తగలదు,
వాడు కళ్లు మూసుకుని కాలిస్తే
ముగ్గురం పడతాం.

జర్మన్లు ఇంగ్లీషులో కోప్పడాలి కదా,
మాకెవరికీ రాదు.
హార్బరు వేలంపాటలా అరిచాం.
“కానాగంతలు బుట్ట ఐదొందలూ!”
తెర కింద అక్షరాలు మాత్రం
‘లొంగిపో, దారులన్నీ మూసేశాం.’

మేం అరక్షణంలో చస్తాం.
ధనరాజుకి పదకొండు నిమిషాలు.
గుండు దిగాక సిగరెట్టు ముట్టించాలి,
జేబులోంచి పిల్ల ఫొటో తీయాలి,
ఇంటి దగ్గర కుక్కకి అన్నం పెట్టమని చెప్పాలి,
అప్పుడు వయొలిన్.
వయొలిన్ అతను రాలేదు,
సన్నాయి సూరన్న వచ్చాడు.
హీరో ఆఖరి ఊపిరికి
తాళి కట్టే వేళ గట్టిమేళం.
శవాలమందరం నవ్వాం,
మళ్లీ తీశారు.

ఎండుచేపల బుట్ట దించి
పోలమ్మ చాలాసేపు చూసింది.
“ఏట్రా ఇది?”
యుద్ధం, మామ్మా.
“మరి ఇమానమేదిరా?”

“నాను కడుపులో ఉన్నానంట.
ఎండాకాలం. యారాడ కొండ మీంచి వచ్చిందంట.
మనోల్లదే అనుకుని
పిల్లలు సేతులూపినారంట.
బాంబులేసినాక ఊరు ఊరంతా
బళ్లు కట్టుకుని ఇజీనారం దారట్టింది.
మాయమ్మ సన్నికల్లు సంకనెట్టుకుని
పరుగో పరుగు.
కొత్తవలస కాడ సూసుకుంటే
సన్నికల్లుంది, మా అయ్య నేడు.”

అందరం పగలబడి నవ్వాం.
ఆవిడే ఎక్కువ నవ్వింది.
ఈ సీను తీద్దాం మామ్మా అన్నాడు సోమలింగం,
మీ అయ్య ఎక్కడ దొరికాడు చివరికి?

“దొరకనేదు.
రేవులో బస్తాలు మోసేవోడు.”

ఎవరో దగ్గారు.
సూరన్న సన్నాయిలోంచి
ఉమ్మి దులుపుకున్నాడు.

ఐదోసారికి నాకు టోపీ ఇవ్వలేదు.
సిమెంటు బస్తాలో ఇసుక నింపి
భుజానికెత్తారు.
నడిచాను. పడ్డాను.
గుండె పట్టుకుని, చెయ్యి ఆకాశానికి చాచి,
నాలుగు చావుల్లో నేర్చుకున్న పనితనమంతా చూపించాను.

“అంతసేపు పట్టదురా,”
అంది పోలమ్మ.

మళ్లీ పడ్డాను.
బస్తాకీ నాకూ తేడా లేకుండా.

పూర్ణా మార్కెట్ వెనక
ఓ కల్యాణమండపంలో ఒక్క ఆట వేశాం.
ఆటో ట్యాంకుకి ఈలలు,
గట్టిమేళానికి అక్షింతలు చల్లారు,
సన్నికల్లుకి కుర్చీలు కిర్రుమన్నాయి.
తరవాత బస్తా పడింది.
పది సెకన్లు చప్పుడు లేదు.
కరెంటు పోయిందనుకుని
వెనక నుంచి ఎవడో కేకేశాడు.

చివర్లో పేర్లు పడ్డాయి.
జర్మన్ ఒకటి, రెండు, మూడు, నాలుగు, నేనే.
ఐదో పేరు పోలమ్మ చెప్పిందే.
సోమలింగం జిరాక్సు కొట్లో
రెండు తప్పులతో టైపు చేశాడు.

ఆవిడకి చదువు రాదు.
తెర దగ్గరికి నడిచెళ్లి
కదిలిపోతున్న వరసల మీద వేలు పెట్టి
“ఇదేనా?” అంది.
ఇదే అన్నాను.
వేలు పైకి జరుపుకుంటూ
పేరు తెర దాటేదాకా
దాని వెంటే వెళ్లింది.