నాలుగింటి పొద్దు

మగ్గాల ఖాతాలో ఇరవైయేడేళ్లు చేశాడు.
గురువులు చెవులు అక్కడే ఉండిపోయాయి,
రావలసిన గ్రాట్యుటీతో పాటు.
నవ్వుతూనే అంటాడీ మాట.
అనడం కూడా కేకేసే అంటాడు,
ఎదురుగా ఇంకా మగ్గం ఆడుతున్నట్టు.

మిల్లు కూత ఉన్న రోజుల్లో
నెల్లిమర్లకి గడియారం అక్కర్లేదు.
కూత వేస్తే చంటిపిల్లలు పాలకేడ్చేవారు,
కుక్కలు గొంతు కలిపేవి,
ఈయన మంచంపట్టెలో వణుకు పట్టుకుని లేచేవాడు.
గేటుకి తాళం పడ్డాక
కూతా లేదు, వణుకూ లేదు.
వానొస్తే తడిసిన గోనె వాసన మాత్రం
అటునుంచి ఇంకా వస్తుంది.

తర్వాత్తర్వాత కూత నేనే అయ్యాను.
పాలకేంద్రం అయిదింటికి తెరవాలి,
నాలుగింటికి లేపాలి.
చీకట్లో కాలి బొటనవేలు పట్టుకుని గుంజేదాన్ని.
రోజూ ఉలికిపాటే.
దొంగ దూరినట్టు లేచి కూర్చుని
"ఏటైంది? ఎవులికేటైంది?"
ఎవరికీ ఏమీ కాలేదు, నాలుగైంది అంతే
అని చీకట్లో ఎలా చెప్పను,
నా పెదాలు కనబడితే కదా.

మగ్గాల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినబడదు.
పెదాలు చూసి మాట్లాడుకుంటారు.
పెళ్లైన కొత్తలో నాకూ అదే నేర్పాడు.
తడికవతల అత్త పడుకునుండగా
భలే పనికొచ్చిన విద్య.

ఘోషాసుపత్రిలో ఆయా పని దొరికింది నాకు.
నెలకి పదిహేను రాత్రులు.
ఆ రాత్రుల్లో బొటనవేలెవరు పట్టుకుంటారు?
పక్కింటి ఎర్నమ్మనడిగితే
"నీ మొగుడి కాలు నానట్టుకోడమేటే" అని
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
చివరికి శశిరేఖ సిస్టర్ ఫోన్లో చూపించింది,
తెల్లారినట్టు తెల్లారే దీపం.
పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది.
రెండు జీతాల్లో తీరుస్తానంటే
సర్లే అంది.

దబ్బకాయంతుంది.
గూట్లో సీతారాముల పటం పక్కన పెట్టుకున్నాడు.
మొదటి వారం దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది.
నా ఉద్యోగం ఒకటి పోయింది మరి.

మొన్నొక రాత్రి కాన్పుల్లేవు.
ఇటు వచ్చే అంబులెన్సు ఎక్కి
మూడింటికే ఇంట్లో దిగాను.
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
బొటనవేలు దుప్పటి బయటే ఉంది,
అలవాటు పోలేదు దానికి.
చెయ్యి చాపి, ఆపుకున్నాను.
ఒంటి మీద డెట్టాల్ వాసనతోనే
పీటేసుకుని కూర్చున్నాను.

మూడున్నరకి మొదలైంది.
మొదట అది వెలుతురని కూడా తెలీదు,
గూట్లో ఎవరో బూడిద కింద నిప్పు దాచినట్టు.
కాసేపటికి పండుమిరప.
ఆ తర్వాత
చంపావతి ఒడ్డున పీచు తీసి ఆరేసిన గోగునార.
అవును, గోగునారే. ఆ రంగు నాకు తెలుసు.
ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

ఇన్నేళ్ల కాపురంలో
ఈ మనిషి నిద్రలోంచి రావడం నేను చూడలేదు.
గుంజి బయట పడేసినదాన్నే ఎప్పుడూ.
కాన్పు గదిలో కొందరు బిడ్డలుంటారు,
తొందరపడరు.
నెత్తి కనబడుతుంది, మళ్లీ వెనక్కెళుతుంది,
డాక్టరమ్మ ఎన్నిసార్లు గడియారం చూసినా
వాళ్లకి రావాలనిపించినప్పుడే వస్తారు.
అలా వచ్చాడు.
ముందు ఒక కనుబొమ్మ.
నోటి మూల కొంచెం.
చెయ్యి దేన్నో తడిమి, దొరక్క, ఊరుకుంది.
కళ్లు తెరిచాడు,
వాటిలో ఎవరికీ ఏమీ కాలేదు.

సరిగ్గా నాలుగింటికి దీపం కూసింది!
ఏ దేశపు పిట్టో,
మన పిచ్చుక కాదు, గోరింక కాదు,
కిచకిచమని ఒకటే సంబరం.
ఆర్నెల్లుగా రోజూ కూస్తోందన్నమాట
ఈ గదిలో, ఈయన కోసం.
ఆయనకి తెలీదు.
నేనూ చెప్పలేదు.

మగ్గం ఆపినట్టు దాని నెత్తిన ఒకటేసి,
నన్ను చూసి
"ఎప్పుడొచ్చినావు?" అని వీధంతా లేచేలా అరిచాడు.

పీట దీపం దగ్గరికి జరుపుకున్నాను.
వెలుతురు నోటి మీద పడేలా మొహం తిప్పి
"ఇందాకే" అన్నాను,
గొంతు లేకుండా.