కారం మానెయ్యమన్నారు

మొదట అందరూ కారం మీదే పడ్డారు.
"మిర్చియార్డులో పని, రోజూ ఆ ఘాటు,
ఇంకేమవుద్దే హైమా" అంది మా పిన్ని.
సరే అని పచ్చళ్ళ జాడీలు పై అరలోకి ఎక్కించి
ఎండుమిరపకాయ లేని పోపుతో
ఆర్నెల్లు చప్పటి పప్పు తిన్నాను.
దవడ ఒప్పుకోలేదు.

మొటిమ అన్న మాట పదహారేళ్ళది.
ముప్పై మూడులో దానికి వేరే పేరుండాలి.
చర్మం కింద కందిగింజంత గడ్డ,
పైకి రాదు, లోపలే కూర్చుని
దిండు తగిలితే పలుకుతుంది.
నెల వచ్చే ముందు వారం
దవడ వెంబడి బారులు తీరేవి
యార్డు గేటు ముందు లారీల్లాగా,
ఒకటి ఖాళీ అయితే వెనకది ముందుకి జరుగుతూ.

షేర్ ఆటోలో కుడి చివరే ఎక్కేదాన్ని,
కుడి దవడ రోడ్డుకి కనపడినా
పక్క మనిషికి కనపడకుండా.

శనగపిండి, వేపాకు, గంధం,
కొలకలూరు అత్తయ్య నూరిచ్చిన పసరు,
అన్నీ నా ముఖం మీదే ఆరాయి.

నిజానికి యార్డే నాకు నెమ్మది.
టిక్కీలు విప్పే వేళకి
కాటా గుమస్తా, ముఠా మేస్త్రీ, తొడిమెలు తీసే ఆడవాళ్ళు
అందరూ ముఖాలకి గుడ్డలు చుట్టుకుంటారు.
అక్కడ కళ్ళు తప్ప ఎవరికీ ముఖం లేదు.
ఆ కళ్ళు కూడా అందరివీ ఎరుపే,
నేను ఏడ్చిన రోజున ఎవరూ ఏమని అడగలేదు.

కొత్తపేటలో రెండో అంతస్తు.
చర్మం డాక్టరు గది బయట
ఇనప కుర్చీల్లో పదకొండుమందిమి ఆడవాళ్ళం.
పొన్నూరు నుంచి వచ్చిన మెహరున్నీసా
ముసుగు కాస్త ఎత్తి
"చూడండి, మీకంటే నాకే ఎక్కువ" అంది.
నేను చున్నీ తీసి చూపించాను.
ఎవరు గెలిచారో తేలకుండానే నవ్వుకున్నాం.

డాక్టరమ్మ ఏం తింటావని అడగలేదు.
తేదీలు అడిగింది. గడ్డం కింద వెంట్రుకల సంగతి
గొంతు తగ్గించి అడిగింది.
"నువ్వు చేసుకున్నది కాదమ్మా ఇది" అంది.
ఆ ఒక్క ముక్కకే ఐదొందల ఫీజు చెల్లిపోయింది.

మందులషాపు కుర్రాడు చీటీ చదివి
"బీపీ ఎవరికండీ, అమ్మగారికా?" అన్నాడు.
నాకే, బీపీకి కాదు అన్నాను.
రెండో మందు పేరు చదివి
నా కాలివేళ్ళ వంక చూశాడు, మెట్టెల కోసం.
లేవు.
పేపర్లో చుట్టబోతే వద్దన్నాను.
అట్టపెట్టె అలాగే చేత్తో పట్టుకుని
నాలుగు షాపులు దాటాక సంచిలో వేసుకున్నాను.
ఆ రోజుకి అంతే ధైర్యం.

రెండు నెలలు ఏమీ లేదు,
దాహం తప్ప, గంటకోసారి పరుగు తప్ప.
యార్డులో ఆడవాళ్ళ దొడ్డి ఎక్కడో ఆ చివర.
లేచి నిలబడితే కళ్ళు తిరగడం,
పదిహేను రోజులకే చెప్పకుండా నెల రావడం.
మే నెల గుంటూరులో
కొబ్బరిబోండం తాగొద్దంది డాక్టరమ్మ,
అరటిపండ్లూ తగ్గించమంది.
"మరి కారం?" అన్నాను భయంగా.
"కారానికేం, తిను" అంది.
ఆ రాత్రి జాడీ కిందికి దించాను.
వేడన్నంలో కొరివికారం, ఇంత వెన్న.
కళ్ళమ్మట నీళ్ళు ఎందుకొచ్చాయో
నేనేం లెక్క కట్టలేదు.

ఐదో నెలలో ఒకరోజు
శంకర్‌విలాస్ సెంటర్లో ఆటో దిగాక గుర్తొచ్చింది,
ఎడమ చివర కూర్చున్నానని,
దారంతా ఎవరో ముసలామె భుజం
నా కుడి దవడకి తగులుతూనే ఉందని.

మచ్చలున్నాయి. అప్పుడప్పుడూ ఒక గింజ
తెలిసిన చోటుకే వచ్చి పలకరించి పోతుంది.
మాత్ర ఆపితే అన్నీ తిరిగి రావచ్చట.
ఆ మాటా సంచిలోనే ఉంది, మాత్రలతో పాటు.

నిన్న మా పిన్ని గడ్డం పట్టుకుని
వెలుతురుకి తిప్పి చూసింది.
"చెప్తే విన్నావు కాదూ, కారం మానేసరికి ఎలా ఉందో!"
అవును పిన్నీ అన్నాను,
నాలుక ఇంకా మండుతుండగా.