మొండి ముడి

ఉదయగిరిలో మా పంచన
నర్ది పొట్టు ఇంకా ఊడవలేదు.
జపానామె పన్నెండు గరిటెలు ఏరుకుంది,
సంచి ఇస్తే వద్దంది.
మెడలోని నలుచదరపు గుడ్డ తీసి పరిచి
ఎదురెదురు చెంగులు కలిపింది.
ఒకే దుప్పట్లో పిల్లకాయల్లా
గరిటెలు సర్దుకుని పడుకున్నాయి.

"మూటే కదమ్మే, దీనికింత సంబడమా!"
ఖాజాబీ పిన్ని నవ్వింది.
ఆమె కట్టని మూటేది?
కొండకు పోయేప్పుడు సంగటి,
స్టోరు బియ్యం, చంటిదాని గుడ్డలు,
కరువొచ్చిన ఏడు మొత్తం ఇల్లు.

జపానామె మళ్ళీ వంగి
ఒక కొసను పైకి లాగి చూపింది.
ముడి తనంతట జారిపోయింది,
అలిగిన మనిషి నవ్వేసినట్టు.
ఈసారి పిన్ని నవ్వలేదు.

అటక మీద మస్తాన్ చిన్నాయన తువ్వాలు మూట.
తొమ్మిదేళ్ళ కిందట
పనికిపోయిన ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చారు.
కట్టింది ఆయనే.
విప్పితే ఆ ముడి ఇంక ఉండదని
ఆమె ముట్టుకోలేదు.

రాత్రి కొస పట్టి లాగింది. రాలేదు.
జపాను ముడి కాదు,
మా చిన్నాయన ముడి.
పంటితో పట్టి విప్పింది.

తెల్లారి చూస్తే
సానరాయి తడిగా ఉంది,
రెండు ఉలులు పనిలో ఉన్నాయి.
తువ్వాలు దండెం మీద,
ముడి పడ్డ చోట ముడతలతో,
ఉతక్కుండా.