ఖాళీలను పూరింపుము

పిల్లర్ నంబర్ నూట నలభై మూడు పక్క సందు,
అత్తాపూర్. దిగి నాలుగు రోజులు.
అట్టపెట్టెలు పదహారు, విప్పినవి ఆరు.
ఆరింట్లో మొదటిది కంప్యూటర్,
అన్నం పెట్టేది అదే గనక.

ఏడో తరగతి సాంఘిక శాస్త్రం, అర్ధ సంవత్సర పరీక్ష.
రాత్రి తొమ్మిదికల్లా చిక్కడపల్లి ప్రెస్సుకు చేరాలి.
తెర మీద కింది మూలన
చిన్న భూగోళం, దాని మీద అడ్డగీత.
ప్రపంచం లేదు పొమ్మంటోంది యంత్రం.
పైన నేను కొట్టిన నాలుగో ప్రశ్న:
భూమధ్యరేఖ అనగానేమి?

హాల్లో రౌటర్ పచ్చగా మెరుస్తోంది.
ఫోన్‌కు అందుతోంది. టీవీకి అందుతోంది.
దీనికే అందదు.
పెన్‌డ్రైవ్ మిగతా పది పెట్టెల్లో దేంట్లోనో ఉంది.
ఫోన్ తీగ కరెంటు మోస్తుంది గానీ కబురు మోయదు,
కోఠీ ఫుట్‌పాత్ మీద యాభైకి కొన్నది, అంతకన్నా ఏం మోస్తుంది.

ఆపి, పది లెక్కపెట్టి, వేశాను.
రౌటర్‌నూ అలాగే, ఈసారి ముప్పై.
కస్టమర్ కేర్ అమ్మాయికి
నేను చెప్పకముందే నా సమస్య అర్థమైంది.
డ్రైవర్ తీసేసి మళ్ళీ దించుకోండి మేడం.
దేంతో దించుకోను తల్లీ?
నెట్‌తో మేడం.

ఇంకా గంటా పది నిమిషాలు.
బల్ల కిందికి దూరి సీపీయూ వీపు తిప్పి చూద్దును గదా,
రెండు ఇత్తడి మొలలు, బోసిగా.
యాంటెన్నాలు!
నల్లవి, చిటికెనవేలంత.
బాగ్‌లింగంపల్లిలో లారీ ఎక్కించే ముందు
విరుగుతాయేమోనని నేనే విప్పాను,
జేబురుమాల్లో చుట్టి
చాలా భద్రమైన చోట పెట్టాను.
ఎంత భద్రమంటే
నాకు కూడా తెలియనంత.

బియ్యం డబ్బా చూశాను. పోపులపెట్టె చూశాను.
పాత ఇంటి డూప్లికేట్ తాళంచెవి దొరికింది,
ఎవరికివ్వాలో తెలీదు.

మళ్ళీ వచ్చి కూర్చుంటే,
చెవులు ఊడదీసిన ఆ పెట్టెకు
ఒకే ఒక్క పేరు వినిపిస్తోంది.
నాది కాదు.
స్వరూప బ్లౌజెస్.

హాల్లో ఉన్న నాదాని కన్నా
ఈ గోడ అవతలిది దగ్గరన్నమాట.
నాలుగు రోజులుగా గోడలోంచి గడగడమంటుంటే
నీళ్ళ మోటారనుకున్నాను.
కుట్టుమిషను.

చెప్పుల్లేకుండానే వెళ్ళి బెల్లు కొట్టాను.
నోట్లో గుండుసూదులతో తలుపు తీసిందామె.
కంగాళీగా చెప్పుకున్నాను:
పక్క ఫ్లాట్, కొత్త, సాంఘిక శాస్త్రం, తొమ్మిది గంటలు.
సూదులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది.
"పగలంత మేకులు కొడుతున్నది నువ్వేనా?"
నేనే.
"రాస్కో. పద్నాలుగు, ముప్పై ఆరు, ముప్పై, పదకొండు."
ఏమిటవి?
"పొడవు, ఛాతి, నడుము, చెయ్యి.
నా మొదటి గిరాకీవి. పైసలియ్యలె ఆమె.
ఎట్ల మర్చిపోత?"

వచ్చి ఆ ఖాళీలో ఎనిమిది అంకెలు నింపాను.
తిరిగింది చక్రం, తిరిగింది, తిరిగింది,
భూగోళం మీద గీత చెరిగింది.
ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి,
నడుము ముప్పై, కుట్టుకూలి ఎగ్గొట్టి పోయింది,
ఆమె కొలతల్లోంచి దూరి
నా భూమధ్యరేఖ
ఎనిమిదీ నలభై రెండుకు చిక్కడపల్లి చేరింది.

యాంటెన్నాలు పైవారం దొరికాయి,
ఇస్త్రీపెట్టె అట్టడబ్బాలో. బిగించాను.
ఇప్పుడు బిల్డింగంతా కనిపిస్తుంది,
పద్నాలుగు పేర్లు, ఎవరెవరో,
అందరి పక్కనా ఒక చిన్న తాళంకప్ప.
నా పేరూ ఉంది, పైన, నిండుగా.
అయినా పొద్దున్నే లేచిందంటే ఈ పెట్టె
ముందు ఆ గోడకే తగులుకుంటుంది.
విడదీసి నాదాంట్లో కలుపుతాను,
గుర్తున్నప్పుడు.

నిన్న స్వరూపకు రెండు జాకెట్టు గుడ్డలిచ్చాను.
టేపు మెడలోంచి తీసి కొలిచింది, పెదాలతో అంకెలు గొణుగుతూ.
డబ్బు ముందే ఇచ్చేశాను.