డొల్ల

కాగితం ఉర్దూల ఉంది.
మాకెవ్వరికీ చదవరాలే,
మూడు తరాలు దాని కిందనే బతికినం.

నలభై రూపాయలు, హాలి సిక్కా.
తాత లగ్గానికి తెచ్చిన అప్పు.
తాత కట్టలేక మా నాయిన్ని కట్టిండు,
ఏడేండ్ల పోరన్ని, గడికి భగేల.
ఏటా ఆముదాలు కల్లానికొచ్చినంక లెక్క చూసేది.
నలభై నలభైగానే ఉండేది,
ఒక్కో ఏడు యాభై అయ్యేది.

గడి ధాన్యం నేల కింద ఉండేది.
పాతర మూత తీసిన పొద్దు
తాడు కట్టి ముందుగాల దీపాన్ని దించేది.
దీపం ఆరకపోతే నాయిన్ని దించేది.
ఆరిపోతే, జరసేపాగి, నాయిన్నే దించేది.

దొరకు రెండు కుంచాలు,
ఇచ్చేటప్పుడొకటి, తీసుకునేటప్పుడొకటి.
రెండూ నాయినే కడిగి బోర్లేసేది.
ఏది పెద్దదో చీకట్ల తడిమి చెప్పగలడు.
ఎన్నడూ చెప్పలే.

చిన్నాయిన గాలయ్య అట్ల కాదు.
దేవరకొండ సంతల ఎవరి మాటలిన్నడో
ఒకనాడు తెల్లారి మోట కొట్టనన్నడు.
ఊరు నడిమికి చీలింది.
సంగపోళ్ల ఎడ్లు వాగుకు ఎగువన, గడిపోళ్లవి దిగువన.
మంగలి మల్కయ్య రెండు కత్తులు నూరుకునేది,
ఈ దిక్కు గడ్డం గీసిన కత్తి ఆ దిక్కు పనికిరాదాయె.
మేనత్త లగ్గం పసుపు దంచినంక ఆగిపోయింది.
ఒక్క కుండల తిన్న అన్నదమ్ములు
వాకిట్ల కందికట్టె దడి కట్టుకున్నరు.
దడి సందుల నుంచి అవ్వ
ఇద్దరికీ ఒక్కటే తొక్కు అందిచ్చేది.

అమాస రాత్రి సంగం గడి మీదికొచ్చింది.
దొర పట్నం ఉరికిండు.
నాయిన ఉరకలే. వాకిట్ల నిలబడ్డడు,
చేతిల కట్టె సుత లేదు.
"పాతర యాడుందన్నా?"
ఉలకలే.
చిన్నాయిన గడ్డపారతోని నేలంత పొడిచిండు.
గట్టి నేల. గట్టి నేల.
పొడుసుకుంట పొడుసుకుంట వచ్చి
నాయిన పాదాల కాడ ఆగిండు.
డొల్ల పలికింది.

"జరుగు."
నాయిన జరగలే.
"దీపం తేండ్రి" అన్నడు,
"దీపం దించకుండ ఎవ్వరు దిగొద్దు."
ఆ ఒక్క మాటకు
నాయిన ఏ దిక్కోడో నాకిప్పటికీ తెగలే.

పెద్ద కుంచంతోనే కొలిచిండ్రు ఆ రాత్రి.
అది ఇచ్చుటానికి పనికొచ్చుడు అదే మొదలు.
జొన్నలు పాతర వాసనొచ్చినయి, అయినా తిన్నం.
కాగితాలన్ని కుప్పేసి అంటుపెట్టిండ్రు.
నాయిన మంటల చెయ్యి పెట్టి
తనదొక్కటి గుంజుకున్నడు.
చిన్నాయిన ఉమ్మిండు.
అమ్మ అడిగితే అన్నడట,
"దీంట్ల నా పేరుందే.
ఇంకెక్కడన్న రాసిండ్రా నా పేరు?"

వానకాలంల చిన్నాయిన్ని పట్టుకపోయిండ్రు.
రజాకార్లన్నరు కొందరు,
ఎన్కొచ్చిన మిల్ట్రీ అన్నరు కొందరు.
డిండి వాగు ఇసుకల ఒక చెప్పు దొరికింది.
నాయిన దడి పీకి పొయ్యిల పెట్టిండు.
అప్పటికి అవుతల ఎవ్వరు లేరు.
దొర మళ్ల వచ్చిండు.
ఈసారి కాగితం అడగలే,
నాయినే పోయి మోట పట్టిండు.

మొన్న ఖాజా సాబు కండ్లద్దాలు తుడుసుకొని చదివిండు.
"పేరున్న పక్క కాలిపోయిందమ్మా.
నలభై ఉంది. ఏలిముద్రుంది.
చిన్నగుంది, పిలగాండ్లదోలె."

రేషన్ దుకాణంల మిషను
నా వేలు గుర్తుపడ్తలేదు.
గీతలరిగినయంటడు పోరడు, తుడిచి మళ్ల పెట్టుమంటడు.
ఇంటికొచ్చి ఆ ముద్ర మీద పెట్టి చూసిన.
నా బొటనవేలి కింద
మొత్తం దాగింది.